నాన్న భుజంలో టెండన్ తెగింది, కీహోల్ ఆపరేషన్ చేయించాలా? (వయసు 56, పెయింటింగ్ పని)

తెనాలి_వాసి | 17 జనవరి, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మా నాన్న ఇళ్లకి పెయింట్లు వేస్తారు, ముప్పై ఏళ్ల నుంచి అదే పని. లప్పం పెట్టడం, పేపర్ తో రుద్దడం, సీలింగ్ కి రోలర్ కొట్టడం అన్నీ కుడిచేత్తోనే. సంక్రాంతి ముందు పనులు ఎక్కువ ఉంటాయి కదా, డిసెంబర్ మొదటి వారంలో ఒకళ్లింట్లో నిచ్చెన జారింది, కింద పడబోతూ కిటికీ ఊచ పట్టుకున్నారంట, ఒళ్లంతా బరువు కుడిచేతి మీద వేలాడింది, భుజంలో టప్ మని తెగినట్టు అనిపించింది అంటున్నారు.

అప్పట్నుంచి చెయ్యి పైకి లేవట్లేదు. ఎడంచేత్తో పట్టుకుని లేపితే లేస్తుంది, వదిలేస్తే దబ్ మని పడిపోతుంది. రాత్రిపూట అసలు కంటి మీద కునుకు లేదు, కూర్చునే తెల్లవారుస్తున్నారు. మొదట ఎక్స్‌రే తీసి ఎముకలు బానే ఉన్నాయి, బెణికింది అని నొప్పి బిళ్లలు ఇచ్చి పంపారు. నెల చూసి గుంటూరులో ఇంకో డాక్టర్ గారికి చూపిస్తే ఎంఆర్ఐ తీయించారు. రిపోర్ట్ లో సుప్రాస్పైనాటస్ ఫుల్ థిక్‌నెస్ టేర్ 2.2 సెం.మీ., రిట్రాక్షన్ ఉంది, ఫ్యాటీ ఇన్‌ఫిల్ట్రేషన్ గ్రేడ్ 1 అని రాశారు. కీహోల్ ఆపరేషన్ చేసి కుట్టాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు.

ఇంట్లో తలో మాట. మా బాబాయి ఏమో చిన్న రంధ్రాలే కదా పది రోజుల్లో మళ్లీ నిచ్చెన ఎక్కొచ్చు అంటాడు. అమ్మ నరం తెగితే ఆపరేషన్ తో చెయ్యి పడిపోతుంది, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దాం అంటోంది. నాన్న ఏమీ మాట్లాడట్లేదు, అదే నాకు భయంగా ఉంది. చేయించుకున్న వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


పీఈటీ_మాస్టారు | 17 జనవరి, రాత్రి 10:31

బాబూ గాభరా పడకు. నేను చేయించుకుని పద్నాలుగు నెలలైంది, వాలీబాల్ స్మాష్ కొట్టేటప్పుడు పట్టేసింది నాకు, అప్పటికి వయసు 47. ఇప్పుడు సర్వీస్ చేస్తున్నాను, స్మాష్ మాత్రం మానేశాను, డాక్టర్ వద్దనలేదు, నాకే ధైర్యం చాలట్లేదు.

మీ బాబాయి గారి పది రోజుల మాట మాత్రం మనసులోంచి తీసెయ్యండి. నేనూ అలాగే అనుకుని వెళ్లా. భుజం మీద నాలుగు చిన్న గాట్లు, ఒక్కోదానికి ఒకటో రెండో కుట్లు, పన్నెండో రోజున తీసేశారు, అద్దంలో చూసుకుంటే అబ్బ ఇంతేనా అనిపించింది. కానీ లోపల టెండన్ ఎముకకి అతుక్కోవాలి కదా, దానికి బయట గాటు పెద్దదా చిన్నదా అన్నది తెలీదు. ఆరు వారాలు చెయ్యి స్లింగ్ లో, చంక కింద ఒక దిండు లాంటిది పెట్టి కట్టారు. పడుకోడానికి మంచం పనికిరాదు, మా నాన్నగారి పాత పడక కుర్చీ అటక మీంచి దింపించి అందులోనే నెలన్నర పడుకున్నా. చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టేది. అన్నం స్పూన్ తో ఎడంచేత్తో. స్కూలుకి రెండో నెలలో వెళ్లా, విజిల్ ఊదడం తప్ప ఇంకేం చేయలేదు. బరువులు ముట్టుకున్నది నాలుగో నెలలో, అదీ రబ్బరు బ్యాండ్ తో మొదలు.

అయినా చేయించుకోమనే చెప్తా. రాత్రి నొప్పి పోయింది, అది చాలు నాకు.


ఎముకల_పీజీ | 17 జనవరి, రాత్రి 11:48

నేను ఆర్థో పీజీ చేస్తున్నాను, డ్యూటీలో ఉన్నాను, మధ్యలో వీలు చూసుకుని రాస్తున్నా. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి చేయించండి వద్దు అని చెప్పను, రిపోర్ట్ అర్థమయ్యేలా మాత్రం చెప్తా.

ముందు అమ్మగారికి చెప్పండి, తెగింది నరం కాదు. మన దగ్గర లోపల తాడులా ఉండే ప్రతిదాన్నీ నరం అంటాం, దాంతో భయం రెట్టింపవుతుంది. నరం అంటే మెదడు నుంచి కబురు తెచ్చే వైరు. టెండన్ అంటే కండని ఎముకకి కట్టే తాడు. వైరు బానే ఉంది, తాడు ఊడింది, అందుకే కండ లాగుతున్నా చెయ్యి లేవట్లేదు. వేరేవాళ్లు లేపితే లేవడం, వదిలితే పడిపోవడం దానివల్లే.

భుజం గుండు చాలా పెద్దది, అది కూర్చునే గిన్నె చాలా లోతు తక్కువ. గుండుని గిన్నెలో నిలబెట్టేది చుట్టూ ఉన్న నాలుగు కండల టెండన్లు, సుప్రాస్పైనాటస్, ఇన్‌ఫ్రాస్పైనాటస్, టెరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగూ కలిపి రొటేటర్ కఫ్ అంటాం. ఎక్కువగా తెగేది పైనున్న సుప్రాస్పైనాటస్, అది రెండు ఎముకల మధ్య సందులోంచి వస్తుంది. ఎక్స్‌రేలో టెండన్ కనపడదు, అందుకే మొదటిసారి బాగుంది అన్నారు.

ఇక మీ రిపోర్ట్. టేర్ అంటే చిరుగు, ఫుల్ థిక్‌నెస్ అంటే టెండన్ మందం మొత్తం తెగిందని. టేర్ 1 సెం.మీ. లోపు చిన్నది, 1 నుంచి 3 మీడియం, 3 నుంచి 5 పెద్దది, 5 దాటితే మ్యాసివ్ అంటాం. మీది మీడియం. రిట్రాక్షన్ అంటే తెగిన కొస కండ వైపు వెనక్కి జరిగిందని. చివర్లో రాసిన ఫ్యాటీ గ్రేడ్ చాలా ముఖ్యం, జనం అది చూడరు. టెండన్ ఊడిపోయి కండకి పని లేకపోతే మెల్లగా కొవ్వు పట్టేస్తుంది, ఫ్రెంచ్ డాక్టర్ గుటాలియె పేరు మీద 0 నుంచి 4 దాకా గ్రేడ్లు ఉన్నాయి. 3, 4 కి వెళ్లాక కుట్టినా కండ పాత బలానికి రాదు, పట్టిన కొవ్వు మళ్లీ పోదు. మీ నాన్నగారిది 1, అంటే కండ ఇంకా బతికే ఉంది. డాక్టర్ గారు ఆలస్యం వద్దు అన్నది అందుకే అయ్యుంటుంది.


డల్లాస్_తెలుగు | 18 జనవరి, ఉదయం 6:15

అందరూ ఆపరేషన్ అంటున్నారు గానీ ఇంకో వైపు కూడా చూడండి. మా అమ్మకి 68, ఆవిడకి కూడా ఫుల్ థిక్‌నెస్ టేరే, విజయవాడలో ఆపరేషన్ అన్నారు, ఇక్కడికి తీసుకొచ్చి చూపిస్తే ముందు ఫిజియో చేయండి అన్నారు. మూడు నెలలు క్రమం తప్పకుండా చేయించాం, ఇప్పుడు జడ తనే వేసుకుంటోంది, పై అల్మరాలో డబ్బాలు తీస్తోంది. ఆపరేషన్ ఊసే లేదు. ఇక్కడ అమెరికాలో మూన్ అని పెద్ద స్టడీ చేశారు, దెబ్బ తగలకుండా అరుగుదలతో చిరిగిన వాళ్లకి ఫిజియో ఇస్తే రెండేళ్లలో ఆపరేషన్ కి వెళ్లింది నూటికి పాతిక మంది కన్నా తక్కువే. కాబట్టి తొందరపడకండి తమ్ముడూ, మీ నాన్నగారికీ ముందు మూడు నెలలు ఫిజియో చేయించి చూడండి.


ఎముకల_పీజీ | 18 జనవరి, ఉదయం 8:20

డల్లాస్ అన్నా, మీ అమ్మగారి విషయంలో చేసింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. కానీ మీరే రాశారు చూడండి, "దెబ్బ తగలకుండా అరుగుదలతో" అని. మొత్తం అక్కడే ఉంది.

అరవై దాటిన వాళ్లలో ఏ నొప్పీ లేని వాళ్లకి ఎంఆర్ఐ తీసి చూస్తే సగం మంది పైన, 54 శాతం మందికి కఫ్ లో ఎంతో కొంత చిరుగు కనపడింది అని 1995లోనే ఒక స్టడీ వచ్చింది. వాళ్లకి చిరుగు ఉన్నట్టు కూడా తెలీదు. తలనెరుపు లాంటిది అది. మెల్లగా చిరిగితే మిగతా కండలు పని నేర్చుకుంటాయి, ఫిజియోతో ఇంకా బాగా నేర్చుకుంటాయి. అందుకే రిపోర్ట్ లో టేర్ అని ఉంది కదా అని అందరికీ కుట్టక్కర్లేదు.

కానీ నిన్నటిదాకా సీలింగ్ కి రోలర్ కొట్టిన 56 ఏళ్ల మనిషికి ఒక్క దెబ్బతో తెగి ఆ క్షణం నుంచి చెయ్యి లేవడం ఆగిపోతే అది వేరే కేసు. ఇలాంటివి మొదటి మూడు నెలల్లోపు కుడితే టెండన్ సులభంగా తన చోటికి వస్తుంది, ఆలస్యమైతే కొస ఇంకా వెనక్కి జరుగుతుంది. వీళ్లకి ఇప్పటికే ఆరు వారాలు అయిపోయింది. ఇంకో మూడు నెలలు చూద్దాం అంటే ఆ సమయం చేజారుతుంది.


డల్లాస్_తెలుగు | 18 జనవరి, ఉదయం 8:41

అర్థమైంది డాక్టర్ గారూ, నేను రెండూ ఒకటే అనుకున్నా. తెనాలి తమ్ముడూ నా పై మాట మీకు వర్తించదు, సారీ.


కరీంనగర్_రెక్క | 18 జనవరి, మధ్యాహ్నం 1:10

నాకు గూడ రెక్క నొప్పే ఉండె, రెండేండ్ల కింద. నాకు షుగర్ ఉన్నది. చెయ్యి లేవకపోతుండె, వెనుకకు పోకపోతుండె, బనీను తొడుక్కోవాల్నంటె సుక్కలు కనవడ్డయి. ఒక దవాఖానల టెండన్ పోయింది ఆపరేషన్ జెయ్యాలె అన్నరు, పైసలు గూడ జమ జేసుకున్న. మా బామ్మర్ది ఇంకో డాక్టర్ కు సూపెట్టిచ్చిండు, ఆయన సూసి గిది ఫ్రోజెన్ షోల్డర్, కీలు సుట్టు ఉన్న పొర బిగుసుకపోయింది, తెగుడు గాదు అన్నడు. ఏడాదిన్నర వట్టింది గానీ కత్తి వెట్టకుంటనే తగ్గింది, షుగర్ దారికి తెచ్చుకున్న, ఒక ఇంజెక్షన్, రోజు ఎక్సర్‌సైజులు, గంతే.

గుర్తువట్టుడు ఎట్లనో నాకు డాక్టర్ సాబ్ జెప్పిండు. నీ అంతట నువ్వు లేపినా లేవది, పక్కోడు లేపినా లేవది అంటె బిగుసుకపోయినట్టు. పక్కోడు లేపితె లేస్తది, నువ్వు లేపితె లేవది అంటె తెగినట్టు. తమ్మీ మీ బాపుది రెండోదే అనిపిస్తున్నది నాకు. షుగర్ ఉన్నదా ఆయనకు? ఒకపారి పరీక్ష జేయించు.


తెనాలి_వాసి | 18 జనవరి, రాత్రి 8:05

అందరికీ చాలా థాంక్స్, అమ్మకి చదివి వినిపించాను, నరం కాదు అన్న దగ్గర రెండుసార్లు చదవమంది. షుగర్ బార్డర్ లో ఉందన్నారు, మందుల్లేవు. బీడీ అలవాటు ఉంది, రోజుకి కట్ట పైనే. పుత్తూరు గురించి ఎవరూ చెప్పలేదు, మా అమ్మ తరఫు వాళ్లలో ఒకాయనకి ముంజేయి విరిగితే అక్కడ కట్టు కట్టించుకుని బాగైంది, అందుకే ఆవిడకి గురి.


ఎముకల_పీజీ | 18 జనవరి, రాత్రి 10:02

అమ్మగారి గురి నాకు అర్థమవుతుంది. ఎముక జీవం ఉన్నది, రెండు ముక్కలు పక్కపక్కన కదలకుండా ఉంటే అదే అతుక్కుంటుంది, ఏ కట్టైనా చేసే పని ఆ కదలకుండా చూడటమే. ఇక్కడ టెండన్ కొస తన చోటు నుంచి జరిగిపోయి ఉంది. బయట ఎంత గట్టిగా కట్టినా లోపల జరిగిన కొస తిరిగి రాదు. పైగా కట్టు కట్టి భుజం నెలల తరబడి కదల్చకపోతే కరీంనగర్ అన్నకి వచ్చినట్టు బిగుసుకుపోవడం అదనం.

బీడీ మాత్రం ఈ రోజు నుంచే ఆపించండి. పొగ వల్ల సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, అసలే టెండన్ కి రక్తం అంతంత మాత్రం, కుట్టినది అతుక్కోకపోవడానికి పొగ, షుగర్, వయసు, టేర్ సైజు ఇవే పెద్ద కారణాలు. వీటిలో మన చేతిలో ఉన్నవి మొదటి రెండే. ఇంకోటి, మధ్యలో ఎవరైనా భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారా? ఆపరేషన్ కి ముందు నెలలోపు వేసుంటే ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది, సర్జన్ కి తప్పకుండా చెప్పాలి.


విశాఖ_అల | 19 జనవరి, ఉదయం 10:27

మధ్యలో దూరుతున్నాను ఏమీ అనుకోకండి. నాకు చిరుగు లేదు గాని పైన ఎముక ముల్లులా పెరిగింది, అది రాసుకుంటోంది, కీహోల్ లో గీకేస్తే తగ్గిపోతాది అన్నారు. చేయించుకోవచ్చా? వయసు 51, రెండేళ్లనుంచి చెయ్యి పక్కకి ఎత్తితే నొప్పి.


ఎముకల_పీజీ | 19 జనవరి, మధ్యాహ్నం 2:50

విశాఖ గారూ, ఒకప్పుడు ఈ గీకుడు విపరీతంగా చేసేవాళ్లు. 1972లో నీర్ అనే అమెరికన్ సర్జన్ ఎముక రాసుకోవడం వల్లే కఫ్ పాడవుతుందని చెప్పాడు, ఆయన మాట మీద దశాబ్దాలు నడిచింది. తర్వాత బ్రిటన్ లో 313 మందితో ఒక ట్రయల్ చేశారు, కొందరికి ముల్లు గీకారు, కొందరికి లోపల కెమెరా పెట్టి చూసి ఏమీ చేయకుండా వచ్చేశారు, కొందరికి ఆపరేషనే లేదు. 2018లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వచ్చింది, గీకిన వాళ్లకీ ఊరికే చూసి వచ్చిన వాళ్లకీ తేడా లేదు. అదే ఏడాది ఫిన్లాండ్ వాళ్ల ట్రయల్ కూడా అదే చెప్పింది. చిరుగు లేకుండా ముల్లు ఒక్కటే కారణంగా చూపిస్తే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి, ముందు మంచి ఫిజియో దగ్గర మూడు నెలలు.


కర్నూలు_స్టీరింగు | 19 జనవరి, రాత్రి 11:36

నేను ఈ థ్రెడ్ రెండు రోజులుగా చదువుతాండ, రాయాలా వద్దా అనుకుంటా ఉండిపోయినా. నాది తెగిపోయిన కథ. అంటే కుట్టినాక మళ్లా తెగింది.

లారీ నడుపుతా నేను. రెండేండ్ల కింద ఆపరేషన్ చేసినారు, బాగా చేసినారు, డాక్టరును ఒక్క మాట అనను. మూడో వారానికి నొప్పి పోయింది. నొప్పి పోతే ఏమనుకుంటాం, బాగైపోయిందనుకుంటాం. స్లింగు తీసి పక్కన పారేసినా. ఐదో వారంలో పాపకు జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసకపోయినా, స్పీడ్ బ్రేకర్ కాడ బండి ఒరిగింది, పాప పడకుండా ఆ చేత్తోనే ఆపినా. ఆ పొద్దు ఏం కాలేదు. వారానికి మళ్లా చెయ్యి లేయలే. స్కాన్ తీస్తే కుట్లు టెండన్ ను కోసుకొని బయటికొచ్చినాయి అన్నారు.

రెండోసారి చేయొచ్చు గానీ మొదటిసారంత గట్టిగా ఉండదు అని డాక్టరే చెప్పినారు. చేయించుకోలే. నొప్పి ముందంత లేదు, కానీ చెయ్యి భుజం పైకి బలంగా లేయదు, ఇప్పుడు లారీ కాదు, గోడౌన్ కాడ లెక్కలు రాసే పని. తమ్ముడా, మీ నాయనకు ఇది చదివి వినిపించు. నొప్పి పోయిన రోజు నుంచే జాగ్రత్త మొదలు.


పీఈటీ_మాస్టారు | 20 జనవరి, ఉదయం 5:58

కర్నూలు అన్నా, మీరు రాయడం ఎంత మేలు చేసిందో మీకు తెలీదు. పాపని పడనివ్వకుండా ఆపారు, తండ్రి అన్నవాడు అక్కడ ఇంకేం చేస్తాడు. నా పోస్టులో అంతా బాగైన మాటే రాశా, ఈ మాట రాయలేదు. నేనూ నాలుగో వారంలో స్లింగ్ తీసి బాల్ పట్టుకున్నా, ఫిజియో కేకలేస్తే ఆగా.


ఫిజియో_అక్క | 20 జనవరి, మధ్యాహ్నం 3:20

నేను పదేళ్లుగా భుజాల కేసులే ఎక్కువ చూస్తాను. కర్నూలు అన్నయ్య చెప్పింది రోజూ చూసేదే. నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, టెండన్ ఎముకలోకి పట్టు దొరకబుచ్చుకోవడానికి మొదటి ఆరు వారాలు, గట్టిపడటానికి మూడు నెలలు, పూర్తి బలానికి ఆరు నెలల నుంచి ఏడాది. నొప్పి తగ్గడానికీ టెండన్ గట్టిపడటానికీ మధ్య ఉన్న గ్యాప్ లోనే పోతున్నాయి కుట్లు. బ్రిటన్ లో ఓపెన్ గా కోసి కుట్టిన వాళ్లనీ కీహోల్ లో కుట్టిన వాళ్లనీ పోల్చి చూశారు, రెండేళ్ల తర్వాత ఫలితం ఒకటే వచ్చింది. కీహోల్ వల్ల పైనున్న పెద్ద కండ జోలికి పోనక్కర్లేదు, గాటు చిన్నది, లోపల మూలమూలలా కనిపిస్తుంది, అవన్నీ నిజమే. అతుక్కునే టైమ్ మాత్రం రెండింటికీ ఒకటే.

మా దగ్గర నేర్పేది మామూలుగా ఎలా ఉంటుందంటే, మొదటి రోజు నుంచే మోచెయ్యి, మణికట్టు, వేళ్లు ఆడించాలి, మెత్తటి బాల్ పిసకాలి. స్నానం అప్పుడు ముందుకి వంగి చెయ్యి గోడ గడియారం పెండ్యులంలా వేలాడదీస్తే చంక కడుక్కోవచ్చు, అదే ఎక్సర్‌సైజ్ కూడా. దాన్ని కోడ్‌మన్ ఎక్సర్‌సైజ్ అంటాం, బోస్టన్ లో కోడ్‌మన్ అనే సర్జన్ వందేళ్ల కిందట భుజాల మీదే జీవితం ధారపోశాడు, తెగిన సుప్రాస్పైనాటస్ కుట్టిన తొలి సర్జన్లలో ఆయనొకడు, 1911లో రాశాడు కూడా. ఆరు వారాల దాకా చెయ్యి కదిలించేది ఫిజియో లేదా ఎడంచెయ్యి, కుట్టిన చెయ్యి సొంతంగా లేవకూడదు. తర్వాత కర్ర పట్టుకుని రెండు చేతులతో, కప్పీ తాడుతో. మూడు నెలలు నిండాకే బరువు. మీ సర్జన్ టేర్ చూసి ఇంకా ముందో వెనకో చెప్తారు, ఆయన చెప్పిందే ఫైనల్, నా పోస్ట్ చూసి మార్చకండి.

ఇంట్లో చేసుకోవాల్సినవి ఆపరేషన్ కి ముందే చేసుకోండి. ముందు గుండీల చొక్కాలు, అవీ వదులుగా. కుట్టిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర్లో. నాడా పైజామా వద్దు, ఎలాస్టిక్ ది లేదా లుంగీ ఎవరైనా కట్టిపెట్టాలి. టాయిలెట్ లో మగ్గు ఎడంచేతి వైపుకి మార్చండి, చాలామంది అక్కడే పొరపాటున కుడిచేత్తో అందుకుంటారు.


తెనాలి_వాసి | 21 జనవరి, రాత్రి 9:15

నిన్న రాత్రి నాన్నకి మొత్తం చదివాను, కర్నూలు అన్న గారిది కూడా. చాలాసేపు ఊరుకుని అప్పుడు నోరు విప్పారు. ఆయన భయం ఆపరేషన్ కాదంట, ఆరు నెలలు పని లేకపోతే ఇల్లు ఎలా అని. ఉగాది తర్వాత మా చెల్లి ఇంటర్ ఫీజు కట్టాలి, అది మనసులో పెట్టుకుని కూర్చున్నారు. నేను ఉన్నాగా నాన్నా అన్నా. నాకు పోయిన ఏడే ఉద్యోగం వచ్చింది.

డబ్బు సంగతి అడుగుతున్నా, ఎంత అవుతుంది? గుంటూరులో లక్షన్నర నుంచి రెండు లక్షలు అన్నారు, ఆంకర్లు ఎన్ని వాడతారో దాన్నిబట్టి అని. ఈ ఆంకర్ అంటే ఏంటి?


ఎముకల_పీజీ | 22 జనవరి, ఉదయం 7:05

ఆంకర్ అంటే గోడకి మేకు దిగాలంటే మనం రాల్ ప్లగ్ కొడతాం చూడండి, అలాంటిది. చిన్న స్క్రూ, దాని తలకి గట్టి దారాలు ఉంటాయి. టెండన్ ఊడిన చోట ఎముకని కొంచెం గీకి రక్తం ఊరేలా చేస్తారు, ఆంకర్ ఎముకలో బిగిస్తారు, ఆ దారాలు టెండన్ లోంచి పోనిచ్చి ఎముకకి లాగి కడతారు. ఇదంతా 4 మి.మీ. మందం కెమెరాతో టీవీలో చూస్తూ, లోపల సెలైన్ పారిస్తూ చేసేది. అందుకే లేచాక భుజం ఉబ్బి కనిపిస్తుంది, నీరే అది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, భయపడొద్దు. టైటానియంవి ఉన్నాయి, పీక్ అనే గట్టి ప్లాస్టిక్ వి ఉన్నాయి, కరిగిపోయేవి ఉన్నాయి, దేనికైనా ఎముక బాగుంటే పట్టు బానే ఉంటుంది. తర్వాత తీయక్కర్లేదు. మీ సైజుకి రెండు మూడు పట్టొచ్చు, లోపల చూశాకే తెలుస్తుంది. ఎన్ని వాడారో వాటి స్టిక్కర్లు కేస్ షీట్ లో అతికిస్తారు, డిశ్చార్జ్ అప్పుడు అడిగి ఫోటో తీసుకోండి.

మత్తు గురించి కూడా ముందే చెప్పండి నాన్నగారికి. మెడ పక్కన ఇంజెక్షన్ ఇచ్చి చేతికి వెళ్లే నరాలని మొద్దుబారుస్తారు, దాంతోపాటు నిద్రమత్తు. ఆ రోజంతా చెయ్యి మనది కానట్టు ఉంటుంది. అమ్మగారు చూసి చెయ్యి పడిపోయింది అనుకుంటారు, మర్నాటికి వచ్చేస్తుంది అని చెప్పి ఉంచండి. మత్తు దిగేముందే నొప్పి బిళ్ల వేసుకోవాలి, దిగాక వేసుకుంటే ఆ రాత్రి గడవదు.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే హాస్పిటల్ లో ఆ పథకం డెస్క్ దగ్గర ఈ ఆపరేషన్ ఆ హాస్పిటల్ లో కవర్ అవుతుందా అని ముందే కనుక్కోండి, అడ్మిట్ అయ్యాక కాదు.


పీఈటీ_మాస్టారు | 22 జనవరి, సాయంత్రం 6:40

ఫిజియో ఖర్చు కూడా లెక్కలో వేసుకో బాబూ. జనం ఆపరేషన్ కి అప్పు చేసి ఫిజియోకి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటారు. నాకు వారానికి మూడు సిట్టింగులు, తర్వాత రెండు, అలా నాలుగు నెలలు నడిచింది.


తెనాలి_వాసి | 31 జనవరి, రాత్రి 10:20

29న ఆపరేషన్ అయింది. గంటన్నర పట్టింది, మూడు గాట్లు, రెండు ఆంకర్లు. టెండన్ క్వాలిటీ బాగుంది, లాగకుండానే చోటికి వచ్చింది అన్నారు డాక్టర్ గారు. మీరు చెప్పినట్టే చెయ్యి మొద్దుబారి పోయింది, అమ్మకి ముందే చెప్పి ఉంచా కాబట్టి సరిపోయింది లేకపోతే హాస్పిటల్ లోనే ఏడుపు మొదలయ్యేది. ఈ రోజు ఇంటికి తెచ్చాం. పడక కుర్చీ దొరకలేదు, పక్కింటి వాళ్ల సోఫా మూలకి దిళ్లు పేర్చాం. బీడీ మానేసి పది రోజులైంది.


తెనాలి_వాసి | 14 మార్చి, రాత్రి 9:00

ఆరు వారాలు నిండాయి, స్లింగ్ తీశారు. చెయ్యి సన్నగా అయిపోయింది చూస్తే దిగులేసింది. నాలుగో వారంలో నొప్పి పోయిందని స్లింగ్ తీయబోతే అమ్మ కర్నూలు ఆయన మాట మర్చిపోయావా అని ఒక్క అరుపు అరిచింది. ఆయన ఎవరో తెలీదు, మా ఇంట్లో రోజూ ఆయన పేరే.


కర్నూలు_స్టీరింగు | 14 మార్చి, రాత్రి 11:50

అమ్మకు నా దండాలు చెప్పు. సన్నబడింది చూసి దిగులు పడాకండి, పని చెప్తే కండ వస్తాది.


ఫిజియో_అక్క | 15 మార్చి, ఉదయం 9:12

ఇప్పుడు ఇంకో రకం జాగ్రత్త. స్లింగ్ తీశాక భుజం బిగుసుకున్నట్టు ఉంటుంది, కంగారుపడి ఎవరినో పిలిచి గట్టిగా గుంజించకండి, తైలం పెట్టి మర్దనా అని అసలొద్దు. వేడినీళ్ల కాపడం పెట్టి, కర్రతో మెల్లగా, రోజుకి మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ కొంచెం. మెడ వైపు భుజం పైకి ఎగరేసి చెయ్యి లేపుతున్నట్టు అనిపిస్తే అది దొంగ కదలిక, అద్దం ముందు నిలబెట్టి చేయించండి.


తెనాలి_వాసి | 6 జూలై, సాయంత్రం 7:33

ఐదు నెలలు దాటింది. నాన్న చెయ్యి పూర్తిగా పైకి లేస్తోంది, వెనక వైపు మాత్రం ఇంకా కాస్త తక్కువ. రాత్రి నిద్ర పడుతోంది. పోయిన వారం నుంచి పనికి వెళ్తున్నారు, నడుం ఎత్తు దాకా గోడలు, తలుపులు, గ్రిల్స్ మాత్రమే. సీలింగ్ లు, ఎత్తు పనులు ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని చేయిస్తున్నారు, ఏడాది నిండేదాకా నిచ్చెన ఎక్కనని అమ్మకి మాటిచ్చారు. రోలర్ ఎడంచేత్తో కొట్టడం కూడా నేర్చుకుంటున్నారు. చెల్లి ఫీజు కట్టేశాం.


జనగామ_గీత | 9 జూలై, రాత్రి 8:47

అన్నా నమస్తే, ఇప్పుడే ఈ థ్రెడ్ మొత్తం సదివిన. మా మామ తాటిచెట్లు ఎక్కి కల్లు గీస్తడు, మొన్న ఏప్రిల్ల చెట్టు దిగుతుంటె మోకు జారి చెయ్యి గుంజుకపోయింది. మూడు నెలలు కావస్తున్నది, చెయ్యి లేవలేదు, ఊర్లనే కాపుడం వెడుతున్నరు, ఎక్స్‌రే ఒక్కటే తీసిన్రు. వయసు 49. ఇప్పుడు ఏం జేయాలె?


ఎముకల_పీజీ | 9 జూలై, రాత్రి 9:01

రేపే వెళ్లండి. వరంగల్ లో గానీ హైదరాబాద్ లో గానీ భుజాలు చూసే ఆర్థో దగ్గరికి. ఎంఆర్ఐ వెంటనే కుదరకపోతే భుజానికి అల్ట్రాసౌండ్ చేయించినా తెలిసిన వాళ్లు చేస్తే తెగిందా లేదా తెలిసిపోతుంది. రిపోర్ట్ వచ్చాక టేర్ సైజు, రిట్రాక్షన్, ఫ్యాటీ గ్రేడ్ ఈ మూడూ ఇక్కడ రాయండి, నేను చూస్తాను. మామ గారికి షుగర్ ఉందా, పొగ తాగుతారా?